డీఎన్ఏ రిపోర్టు కింద ఆ సంతకం ఎవరిది?

సినిమాల్లో డీఎన్ఏ గురించి కంప్యూటర్ చెబుతుంది. కోర్టులో మాత్రం మనిషే చెప్పాలి. ఆ మనిషి ఏం చదివాడు? ఎన్నాళ్లు నేర్చుకున్నాడు? ఆఖరిసారి ఎప్పుడు పరీక్ష రాశాడు? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే 99.99 శాతం అనే అంకె కూడా ఉత్త అంకెగానే మిగులుతుంది.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీ పేలిపోయింది. 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 24న, ఇంకా తెల్లారకముందే, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బెంగళూరు వెళ్తున్న బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2013 అక్టోబర్ 30న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఇంకో బస్సు. అందులో 45 మంది.

మూడు చోట్లా ఒకటే కష్టం. ముఖం చూసి ఎవరు ఎవరో చెప్పలేని పరిస్థితి. చేతి ఉంగరం, మెడలో గొలుసు లాంటి ఆనవాళ్లు కొందరికే దొరికాయి. మిగతావాళ్లకు డీఎన్ఏ పరీక్షే దిక్కయింది. అమ్మో నాన్నో పిల్లలో వచ్చి రక్తం ఇవ్వాలి. తర్వాత ఎదురుచూడాలి. ల్యాబ్ నుంచి కబురు వచ్చాక, "వీరు మీవాళ్లే" అని అధికారులు అప్పగిస్తే తీసుకెళ్లి అంత్యక్రియలు చేయాలి.

ఆ కబురు నిజమో కాదో ఇంటివాళ్లు సొంతంగా సరిచూసుకోలేరు. పూర్తిగా నమ్మాల్సిందే. వాళ్లు నమ్మేది మెషిన్‌ని అనుకుంటాం. కానీ నిజానికి నమ్మేది ఆ మెషిన్ ఇచ్చిన గీతల్ని చదివిన ఒక మనిషిని. ఆ మనిషి గురించే ఈ కథనం.

మెషిన్ "అవును" అని చెప్పదు

తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కన గిర్రున తిరుగుతాయి. టక్కున ఆగి, ఆకుపచ్చ రంగులో "మ్యాచ్" అని వస్తుంది. హీరో కళ్లద్దాలు తీస్తాడు. మనకు తెలిసిన డీఎన్ఏ టెస్ట్ ఇదే కదా!

అసలు కథ వేరు. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న అక్షరాల గుంపు ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంటుంది. చిన్నప్పుడు ఇంపోజిషన్ రాసినట్టు అన్నమాట. వీటిని ఎస్‌టీఆర్‌లు అంటారు. ఒక చోట ఆ గుంపు మీకు 12 సార్లు, 15 సార్లు వచ్చిందనుకోండి. అందులో ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకోటి నాన్న ఇచ్చింది. మీ పక్కవాడికి అదే చోట 9, 13 ఉండొచ్చు. ఇలా ఇప్పటి కిట్లతో 20కి పైగా చోట్ల లెక్కపెడతారు. ఒక్కచోట ఇద్దరికి అంకెలు కలవడం మామూలే. ఇరవై చోట్లా కలవడం మాత్రం చాలా చాలా అరుదు. ఒకే పోలిక కవలలైతే తప్ప.

ముందు నమూనా నుంచి డీఎన్ఏని బయటకు తీస్తారు. పీసీఆర్ అనే పద్ధతిలో దాన్ని లక్షల కాపీలు చేస్తారు. కోవిడ్ రోజుల్లో అందరికీ నోటికొచ్చిన పేరే అది. ఆ తర్వాత ఇంకో మెషిన్ వాటిని పొడవును బట్టి వేరు చేసి, కొండ శిఖరాల్లాంటి గీతలతో ఒక గ్రాఫ్ ఇస్తుంది. మెషిన్ పని అక్కడితో సరి.

తాజా రక్తం అయితే ఆ శిఖరాలు శుభ్రంగా, నిటారుగా వస్తాయి. మరి కాలిన ఎముక అయితే? ముగ్గురు పట్టుకున్న కత్తి పిడి అయితే? నెల రోజులు ఎండకీ వానకీ పడి ఉన్న చొక్కా అయితే? కొన్ని శిఖరాలు కుంగిపోతాయి. కొన్ని అసలే రావు. నిజమైన శిఖరం పక్కనే దాని నీడలాగా ఇంకో చిన్నది మొలుస్తుంది. అది నీడేనా, లేక రెండో మనిషి డీఎన్ఏనా? ఇక్కడ ఒకరు కూర్చుని తేల్చాలి. ఒక్కోసారి "ఇది చెప్పలేం" అని రాసే ధైర్యం కూడా ఉండాలి.

పాముల మీద పీహెచ్‌డీ, మనుషులకు గుర్తింపు

ఇంగ్లండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీలో 1984 సెప్టెంబర్ 10న అలెక్ జెఫ్రీస్ ఒక ఎక్స్-రే ఫిల్మ్ చూస్తూ ఆగిపోయారు. ఒక్కో మనిషికీ ఒక్కో రకం గీతల వరస కనిపించింది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పుట్టింది ఆ రోజే. అక్కడ మొదటి హత్య కేసులో ఆ పరీక్ష చేసిన మొదటి పని ఏంటో తెలుసా? నేరం ఒప్పుకున్న ఒక కుర్రాడు నిర్దోషి అని తేల్చడం! అసలు నేరస్తుడు తర్వాత దొరికాడు. 1988లో శిక్ష పడింది.

మన దేశంలో ఈ కథ హైదరాబాద్‌లో మొదలైంది. డాక్టర్ లాల్జీ సింగ్ ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఆయన పీహెచ్‌డీ చేసింది పాముల క్రోమోజోముల మీద. ఆడ పాము, మగ పాము తేడా ఎక్కడుందో వెతుకుతూ కట్లపాము జాతి డీఎన్ఏలో ఒక ప్రత్యేకమైన ముక్కను పట్టుకున్నారు. ఎడిన్‌బరోలో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1987లో హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. ఆ పాము ముక్క ఆధారంగానే మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతిని ఇక్కడే తయారుచేశారు. విదేశీ కిట్ కోసం చేయి చాచాల్సిన పని లేకుండా పోయింది.

కొద్దికాలానికే కేరళలోని తలశ్శేరి నుంచి ఒక పితృత్వ కేసు సీసీఎంబీ గడప తొక్కింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత దర్యాప్తుకీ ఈ ల్యాబే సాయపడింది. ఈ పని కోసమే తర్వాత సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. 2012లో దేశమంతా టీవీలకు అతుక్కుపోయి చూసిన ఎన్.డి. తివారీ పితృత్వ కేసు గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ మాజీ గవర్నర్ అయిన ఆయన రక్త నమూనా వచ్చింది సీడీఎఫ్‌డీకే. ఆ రిపోర్టుతోనే ఏళ్లనాటి వివాదం తేలిపోయింది.

లాల్జీ సింగ్ దగ్గర ఫోరెన్సిక్ డిగ్రీ లేదు. అలాంటి డీఎన్ఏ కోర్సు అప్పటికి లేనే లేదు. ఆయన దగ్గర ఉన్నది జెనెటిక్స్ మీద గట్టి పట్టు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

డిగ్రీ పేరు కాదు, మార్కుల లిస్టు చూడాలి

"డీఎన్ఏ ఎక్స్‌పర్ట్ అవ్వాలంటే ఏ డిగ్రీ చేయాలి?" అని అడుగుతారు చాలామంది. అమెరికాలో ఎఫ్‌బీఐ 1998 నుంచి అమలు చేస్తున్న ప్రమాణాలు దీనికి చక్కటి జవాబు చెబుతాయి. వాళ్లు డిగ్రీ పేరు చూసి ఊరుకోరు. లోపల ఏ సబ్జెక్టులు పాసయ్యారో చూస్తారు.

డీఎన్ఏ అనలిస్ట్‌కి కనీసం డిగ్రీ ఉండాలి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫోరెన్సిక్ సైన్స్‌కి దగ్గరగా ఉన్నది ఏదైనా పర్వాలేదు. అందులో బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ కచ్చితంగా చదివుండాలి. స్టాటిస్టిక్స్ లేదా పాపులేషన్ జెనెటిక్స్ కూడా నేర్చుకోవాలి. పైగా మనుషుల డీఎన్ఏ మీద ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కనీసం ఆరు నెలల అనుభవం కావాలి. ల్యాబ్‌లో సాంకేతిక బాధ్యత మొత్తం మోసే టెక్నికల్ లీడర్‌కి అయితే మాస్టర్స్ డిగ్రీ, మూడేళ్ల అనుభవం ఉండాల్సిందే.

ఈ సబ్జెక్టులే ఎందుకు? ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంది.

బయోకెమిస్ట్రీ: జీన్స్ ప్యాంటు మీద రక్తపు మరక ఉందనుకోండి. ఆ ప్యాంటుకు వేసిన నీలం రంగు పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. మట్టిలో ఉండే కొన్ని పదార్థాలదీ అదే పని. రక్తంలోని ఎరుపు కూడా తక్కువేం కాదు. రిజల్ట్ రాలేదంటే డీఎన్ఏ లేదని అర్థమా, లేక ఏదో అడ్డుపడిందా? కెమిస్ట్రీ తెలిసినవాడే చెప్పగలడు.

మాలిక్యులర్ బయాలజీ: ఇందాక చెప్పుకున్న నీడ శిఖరాలు ఎందుకొస్తాయి, నమూనా మరీ తక్కువైతే కొన్ని అంకెలు ఎందుకు మాయమవుతాయి అనేది ఈ సబ్జెక్టులోదే. కాపీలు చేసే పద్ధతి లోపల్లోపల ఎలా నడుస్తుందో తెలియనివాడికి గ్రాఫ్ మీద కనిపించిందంతా నిజమే అనిపిస్తుంది.

జెనెటిక్స్: తండ్రీ బిడ్డల పరీక్షలో ఇరవై చోట్ల పందొమ్మిది కలిశాయి, ఒకటి కలవలేదు. ఇతను తండ్రి కాదా? తొందరపడి "కాదు" అని రాసేస్తే ఒక కుటుంబం కూలిపోతుంది. ఎందుకంటే తండ్రి నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు ఆ ఇంపోజిషన్‌లో అప్పుడప్పుడూ ఒకటి ఎక్కువో తక్కువో పడుతుంది. దీన్నే మ్యుటేషన్ అంటారు. ఒక్క తేడా చూసి తీర్పు చెప్పకూడదన్నది ఈ రంగంలో మొదటి పాఠం. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. అసలు తండ్రి ఇతని సొంత అన్నో తమ్ముడో అయితే చాలా చోట్ల అంకెలు కలుస్తాయి. అప్పుడు ఇంకొన్ని చోట్ల చూడాలి. ఆ అనుమానం ముందు బుర్రకు తట్టాలి కదా!

స్టాటిస్టిక్స్: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పాడైన నమూనా నుంచి సగం ప్రొఫైలే దొరికింది. అది పది లక్షల మందిలో ఒకరికి సరిపోతుందట. నిందితుడికి సరిపోయింది. అంటే అతను నిర్దోషి కావడానికి పది లక్షల్లో ఒక్క వంతే అవకాశం ఉందన్నమాటేగా? కాదు! హైదరాబాద్‌లో సుమారు కోటి మంది ఉన్నారనుకోండి. ఆ లెక్కన ఈ ఊళ్లోనే పదిమందికి ఆ ప్రొఫైల్ సరిపోవచ్చు. ఇతను ఆ పదిమందిలో ఒకడు. వేరే సాక్ష్యం లేకపోతే అంతకుమించి చెప్పలేం. రెండు వాక్యాలూ వినడానికి ఒకేలా ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక మనిషి జీవితం.

డిగ్రీ చేతికొచ్చాకే అసలు చదువు

కారు గురించి పుస్తకం మొత్తం బట్టీ పట్టినా స్టీరింగ్ చేతికివ్వరు. ఇక్కడా అంతే. కొత్తగా చేరినవారు నెలల తరబడి సీనియర్ పక్కన కూర్చోవాలి. నమూనా తీయడం, కాపీలు చేయడం, గ్రాఫ్ చదవడం, రిపోర్టు రాయడం అన్నీ జవాబు ముందే తెలిసిన నమూనాల మీద చేసి చూపించాలి. అందులో పాసైతేనే అసలు కేసు ముట్టుకోనిస్తారు.

అక్కడితో అయిపోయిందా? లేదు. ఎఫ్‌బీఐ ప్రమాణాల ప్రకారం కేసులు చూసే ప్రతి అనలిస్టూ ఏడాదికి రెండుసార్లు ప్రొఫిషియెన్సీ టెస్ట్ రాయాలి. బయటి సంస్థ పంపిన నమూనాలు వస్తాయి. జవాబు వాళ్ల దగ్గర ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్నా, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా మినహాయింపు లేదు. పదో తరగతి పాసైనవాణ్ని ప్రతి ఆరు నెలలకోసారి మళ్లీ పరీక్ష రాయమన్నట్టు!

ఇంకో కాపలా కూడా ఉంది. ఒకరు రాసిన రిపోర్టును అర్హత ఉన్న రెండో అనలిస్ట్ మొదటి నుంచీ పరిశీలించాకే అది బయటికి వెళ్లాలి. ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల డీఎన్ఏ ప్రొఫైళ్లు కూడా తీసి పెట్టుకుంటారు. ఎవరి తుమ్ము తుంపరో, వెంట్రుకో నమూనాలో పడితే వెంటనే దొరికిపోతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో జర్మనీవాళ్లను అడగాలి. 2007లో హైల్‌బ్రాన్ నగరంలో ఒక పోలీసు అధికారిణి హత్య జరిగింది. అక్కడ ఒక గుర్తుతెలియని స్త్రీ డీఎన్ఏ దొరికింది. అదే డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో సుమారు 40 నేరాల్లో కనిపించింది. హత్యలు, దొంగతనాలు, ఒకదానికొకటి సంబంధమే లేదు. ఆ మాయలేడి కోసం ఏళ్ల తరబడి వేట సాగింది. 2009లో తేలింది ఏంటంటే, అలాంటి నేరస్తురాలు లేనే లేదు! నమూనాలు తీసే దూది పుల్లల్ని ప్యాక్ చేసే చోట పనిచేసిన ఒక కార్మికురాలి డీఎన్ఏ అది. పుల్లలు సూక్ష్మజీవులు లేకుండా శుభ్రం చేసినవే. కానీ శుభ్రం చేసినంత మాత్రాన డీఎన్ఏ పోదు. ఆ తేడా తెలియడమే ఈ వృత్తిలో అర్హత అంటే.

అర్హత లేకపోతే ఏమవుతుంది? హూస్టన్ చెబుతుంది

అమెరికాలోని హూస్టన్. మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్న ఊరు. అక్కడి పోలీసు శాఖకు సొంత క్రైమ్ ల్యాబ్ ఉండేది. 1998లో ఒక అత్యాచారం కేసులో 16 ఏళ్ల కుర్రాణ్ని పట్టుకున్నారు. ల్యాబ్ అనలిస్ట్ కోర్టుకు వచ్చి, డీఎన్ఏ అతనితో కలిసిందని చెప్పారు. లక్షల్లో ఒకరికే సరిపోయే ప్రొఫైల్ అన్నట్టు లెక్క చూపించారు. 1999లో అతనికి 25 ఏళ్ల జైలు శిక్ష పడింది.

2002 చివర్లో బయటి నిపుణులు ఆ ల్యాబ్‌ని తనిఖీ చేశారు. సిబ్బందికి తగిన చదువు లేదు, శిక్షణ లేదు, పైవాళ్ల పర్యవేక్షణ లేదు. పైకప్పు కారి వాన నీళ్లు సాక్ష్యాల మీద పడుతున్నాయి. డీఎన్ఏ విభాగానికి తాళం వేశారు. ఆ కుర్రాడి కేసు మళ్లీ తవ్వారు. ఒకరికంటే ఎక్కువమంది డీఎన్ఏ కలిసిన నమూనాను తప్పుగా చదివారని తేలింది. లెక్క సరిగ్గా వేస్తే ఆ ప్రొఫైల్ పదుల్లో ఒకరికి సరిపోయేదే. మళ్లీ పరీక్ష చేస్తే అది అతనిది కానే కాదు. 2003లో బయటికొచ్చాడు. నాలుగేళ్లకు పైగా వయసు జైలు గోడల మధ్యే కరిగిపోయింది.

అక్కడ మెషిన్ పాడవలేదు. రసాయనాలు మోసం చేయలేదు. ఇందాక మనం చెప్పుకున్న నాలుగో సబ్జెక్టు తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం అది.

చదువు, అనుభవం ఉంటే సరిపోతుందా అంటే, కొలరాడో "సరిపోదు" అంటుంది. అక్కడి రాష్ట్ర దర్యాప్తు సంస్థలో దాదాపు 30 ఏళ్లు పనిచేసిన ఒక సీనియర్ డీఎన్ఏ సైంటిస్టు వందల కేసుల్లో వివరాలు మార్చినట్టు, కొన్ని వదిలేసినట్టు 2023 తర్వాత ఆ సంస్థ సమీక్షలోనే బయటపడింది. అందుకే ఎంత పెద్ద పేరున్నవారి రిపోర్టునైనా రెండో కన్ను చూడాలి. నిజాయితీకి సర్టిఫికెట్ ఉండదు. దాన్ని కనిపెట్టుకుని ఉండే పద్ధతి మాత్రం ఉండాలి.

సాక్షి బోనులో సైంటిస్ట్

ల్యాబ్ పని సగమే. మిగతా సగం కోర్టులో. "ఈ నమూనా సీలు తెగలేదని మీకెలా తెలుసు? ఏ పద్ధతి వాడారు? ఆ లెక్క ఎలా వచ్చింది?" అని లాయర్ గుచ్చి గుచ్చి అడుగుతాడు. జడ్జికి అర్థమయ్యే భాషలో జవాబు చెప్పాలి.

రెండు కేసులు చూడండి. మొదటిది 1996లో ఢిల్లీలో ఒక లా విద్యార్థిని హత్య. నమూనాలు హైదరాబాద్ సీసీఎంబీకే వచ్చాయి. 1999లో కింది కోర్టు డీఎన్ఏ రిపోర్టును పక్కనపెట్టి నిందితుణ్ని వదిలేసింది. 2006లో హైకోర్టు ఆ తీర్పును తిరగేసింది. 2010లో సుప్రీంకోర్టు కూడా అతను దోషేనని చెప్పి, ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చింది. ఎందుకు నమ్మింది? పరీక్ష చేసిన ఇద్దరు శాస్త్రవేత్తలు, లాల్జీ సింగ్, జి.వి. రావు, కోర్టుకు వచ్చి నమూనా దగ్గర నుంచి ఫలితం దాకా కాగితాలతో సహా వివరంగా చెప్పారు. వాళ్లను తప్పుపట్టే అంశం ఒక్కటీ ఎదుటివారికి దొరకలేదు. అలాంటప్పుడు రిపోర్టును తోసిపుచ్చడం సరికాదంది సుప్రీంకోర్టు.

రెండోది 2012 నాటి ఢిల్లీ ఛావ్లా కేసు. అత్యాచారం, హత్య. ముగ్గురికి ఉరిశిక్ష పడింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముగ్గురినీ విడుదల చేసింది. నమూనాలు రోజుల తరబడి పోలీసు మాల్ఖానాలోనే ఉండిపోయాయి. పైగా డీఎన్ఏ రిపోర్టుకు ఆధారం ఏంటి, నిపుణుడు ఆ పద్ధతిని నమ్మదగ్గ విధంగా వాడాడా అన్నది కింది కోర్టులు పరిశీలించనే లేదని తప్పుపట్టింది. ఆ తీర్పు విని దేశం భగ్గుమంది. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు న్యాయం దక్కలేదు. నిందితులకు అనుమానం మచ్చ పోలేదు.

రెండు కేసుల్లోనూ డీఎన్ఏ ఉంది. మొదటిదాంట్లో దాని వెనక నిలబడి ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పిన మనుషులున్నారు. రెండోదాంట్లో కాగితం ఉంది.

మరి మన చట్టం ఏమంటోంది?

కొత్త భారతీయ సాక్ష్య అధినియంలోని 39వ సెక్షన్ (పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 45) నిపుణుడంటే ఆ విషయంలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాడు అంటుంది. అంతే. ఏ డిగ్రీ, ఎన్నేళ్ల అనుభవం, ఏ పరీక్ష అన్నది అందులో లేదు. నైపుణ్యం ఉందో లేదో కోర్టే తేల్చుకోవాలి.

ఇంకో ముడి ఉంది. బీఎన్ఎస్ఎస్ 329వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 293) ప్రకారం కొన్ని హోదాల్లో ఉన్న ప్రభుత్వ శాస్త్రవేత్తల రిపోర్టును, వాళ్లు కోర్టుకు రాకపోయినా, సాక్ష్యంగా తీసుకోవచ్చు. కావాలంటే కోర్టు పిలవొచ్చు. కానీ ఎవరూ అడగకపోతే? సంతకం పెట్టినవారి ముఖం ఎవరూ చూడకుండానే కేసు ముగిసిపోతుంది.

ఈ లోటు పూడ్చడానికి డీఎన్ఏ టెక్నాలజీ బిల్లు వచ్చింది. ల్యాబ్‌లకు గుర్తింపు, సిబ్బంది అర్హతలు, నాణ్యత లాంటివి చూసే ఒక బోర్డు పెట్టాలన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. 2019 జనవరిలో ఒకసారి లోక్‌సభ దాటింది, కానీ ఆ సభతోపాటే మురిగిపోయింది. అదే ఏడాది జులైలో మళ్లీ పెట్టారు. జనం డీఎన్ఏని డేటా బ్యాంకులో దాచడం మీద ప్రైవసీ అభ్యంతరాలు గట్టిగా వచ్చాయి. అవి కొట్టిపారేసేవి కావు. చివరికి 2023 జులైలో ప్రభుత్వం బిల్లును వెనక్కి తీసుకుంది. డేటా బ్యాంకు గొడవతోపాటు అర్హతల సంగతి కూడా అటకెక్కింది. ఆ రెండింటినీ విడదీసి, కనీసం ల్యాబ్‌ల వరకైనా ఒక నియమం పెట్టి ఉండొచ్చు కదా!

కాస్త ఊరట ఏంటంటే, 2025 జులైలో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాల మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నమూనా 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టర్‌లో రాయాలి. ల్యాబ్ గుమ్మం దాకా దారి బాగుపడింది. గుమ్మం లోపల సంగతే మిగిలింది.

మీకు ఈ ఉద్యోగం కావాలంటే

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువుంది. అంటే మనుషులు కావాలి.

దారి ఇంటర్ బైపీసీతో మొదలవుతుంది. తర్వాత బీఎస్సీలో జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జువాలజీ లాంటివి. ఆపైన వాటిలోనే ఎమ్మెస్సీ, లేదా ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్. ఉస్మానియాలో ఈ కోర్సు ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ దేశంలోనే ఈ రంగానికి ప్రత్యేకం. కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌ల బయాలజీ విభాగం పోస్టులకు సాధారణంగా ఇలాంటి ఎమ్మెస్సీలు అడుగుతారు. నోటిఫికేషన్ బట్టి మారుతుంది కాబట్టి ప్రతిసారీ చదువుకోండి.

ఫోరెన్సిక్ డిగ్రీ తీసుకుంటే ఒక జాగ్రత్త. అందులో వేలిముద్రలు, విషాలు, బుల్లెట్లు, చేతిరాత అన్నీ ఉంటాయి. డీఎన్ఏకి దక్కేది ఒకటి రెండు పేపర్లే కావచ్చు. కాబట్టి సిలబస్ తిరగేసి చూసుకోండి. జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ సరిపడా లేకపోతే విడిగా నేర్చుకోండి. లాల్జీ సింగ్ కథ గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్లకు ఒక చేదు వార్త: స్టాటిస్టిక్స్ తప్పదు! ఇంకో సంగతి. ఇది ఏసీ గదిలో తెల్లకోటు ఉద్యోగం మాత్రమే కాదు. పోస్టుమార్టం నుంచి వచ్చిన ఎముకలు, కుళ్లిన కణజాలం ముట్టుకోవాలి. కోర్టు సమన్లు వస్తే వేరే ఊళ్లకు వెళ్లాలి. అన్నిటికంటే కష్టమైన పని, పోలీసులు "ఏదో ఒకటి తేల్చండి సార్" అన్నప్పుడు "తేలలేదు" అని రాయడం.

ల్యాబ్‌కి వెళ్లేముందు అడగండి

ఇప్పుడు ఫోన్‌లో రెండు నొక్కులు నొక్కితే డీఎన్ఏ కిట్ ఇంటికొస్తుంది. బుగ్గ లోపల దూది పుల్ల తిప్పి పోస్టులో పంపితే చాలంటారు. అనుమానంతోనో, వారసత్వం గొడవతోనో, విదేశీ వీసా కోసమో పరీక్ష చేయించుకునేవాళ్లు కింది ప్రశ్నలు అడగాలి:

1. ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా? ఉంటే, ఆ గుర్తింపు డీఎన్ఏ గుర్తింపు పరీక్షలకే వచ్చిందా, లేక షుగర్, థైరాయిడ్ టెస్టులకా? ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో పరిధి చూడొచ్చు.

2. రిపోర్టు మీద ఎవరు సంతకం పెడతారు? వారి చదువు, అనుభవం ఏంటి? రెండోవారు పరిశీలిస్తారా?

3. అనలిస్టులు ప్రొఫిషియెన్సీ టెస్టులు రాస్తున్నారా?

4. ఎన్ని చోట్ల పరీక్షిస్తారు? ఒకచోట కలవకపోతే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు తడుముకుంటే లేచి వచ్చేయండి.

5. నమూనా ఎవరి సమక్షంలో తీస్తారు? గుర్తింపు కార్డు, ఫొటో, సంతకం, సీలు లేకుండా ఇంట్లో తీసిన నమూనా కోర్టులో నిలబడదు. అది మీరు పంపినవారిదే అని నిరూపించే దారి ఉండదు.

ఇంకొకటి. భార్య మీద అనుమానంతో బిడ్డకు చాటుగా పరీక్ష చేయించాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించాలి. పెళ్లి నిలిచి ఉన్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అని చట్టం భావిస్తుంది. అడిగిన ప్రతివారికీ కోర్టులు డీఎన్ఏ పరీక్షకు అనుమతి ఇవ్వవు. బిడ్డ హక్కు, గౌరవం ముందు చూస్తాయి. 2023లో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది.

డీఎన్ఏ అబద్ధం చెప్పదు అంటారు. నిజమే, దానికి నోరు లేదు. దాని తరఫున మాట్లాడేది రిపోర్టు కింద సంతకం పెట్టిన మనిషి. ఆపరేషన్ చేసే డాక్టర్ ఏం చదివాడో గోడ మీద బోర్డు చూసి తెలుసుకుంటాం. బిడ్డ ఎవరిదో, బూడిద ఎవరిదో, ఎవరు జైలుకెళ్లాలో చెప్పేవాళ్ల చదువు గురించి కూడా అంతే మామూలుగా అడగొచ్చు. అడిగితే తప్పుబట్టేది సరైన ల్యాబ్ కాదు. సరైన ల్యాబ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.